కొన్నవాడిదే తప్పట!

దసరా అమ్మకాలు మొదలయ్యే ముందు మన పత్రికల్లో ఒక వ్యాసం తప్పకుండా వస్తుంది. ఏటేటా బొమ్మ మారుతుంది గానీ అందులో విషయం మారదు. ధర మరీ తక్కువగా ఉంటే అనుమానించండి. రివ్యూలు చదవండి. అమ్మేది ఎవరో చూడండి. పెట్టె మీద అక్షరదోషాలున్నాయేమో గమనించండి. ఇవన్నీ చదివాక కూడా ఎవరైనా నకిలీ చార్జరో, నకిలీ క్రీమో తెచ్చుకున్నారంటే ఇంట్లోవాళ్ళ దగ్గర్నుంచి టీవీలో కూర్చున్న నిపుణుడి దాకా అందరిదీ ఒకటే మాట. చూసుకుని కొనాలి కదా! చవగ్గా వస్తోందని ఆశపడ్డావు, అనుభవించు.

ఈ మాట తప్పు. మంచి మనసుతో చెప్పినా తప్పే. కొన్నవాడి కంటికి కనపడే అవకాశమే లేని చోట మోసం జరిగితే, ఆ కళ్ళనే తప్పుపట్టడం ఇది. ఈ మొత్తం వ్యవహారంలో సరుకును తన గోదాములో దాచి, తన పెట్టెలో సర్ది, తన మనిషి చేత పంపి, డబ్బు వసూలు చేసి, అందులోంచి కమీషన్ మినహాయించుకునేవాడు ఒకడున్నాడు. అమ్మినవాడి జీఎస్టీ నంబరు, బ్యాంకు ఖాతా, వాడి మీద నిరుడు వచ్చిన ఫిర్యాదులు, వెనక్కి వచ్చిన పార్సిళ్ళ లెక్క అన్నీ వాడి దగ్గరే ఉంటాయి. వాణ్ణి పక్కనబెట్టి, చేతిలో ఆరంగుళాల తెర తప్ప ఏమీ లేనివాణ్ణి నువ్వెందుకు కనిపెట్టలేదని అడుగుతున్నాం.

ముందు ధర సంగతి చూద్దాం. 2014 అక్టోబరు 6న ఫ్లిప్‌కార్ట్ మొదటి బిగ్ బిలియన్ డే నడిపింది. అప్పటినుంచి ఈ కంపెనీలన్నీ కలిసి మనకు నేర్పిన పాఠం ఒక్కటే: ఎమ్మార్పీ అనేది కొట్టివేతకోసం వేసే అంకె. డెబ్భై శాతం తగ్గింపు మామూలే, ఎనభై అయినా ఆశ్చర్యపోనక్కర్లేదు. మొదటి పేజీ నిండా ఆ ప్రకటన వేసిన పత్రికే లోపలి పేజీలో ‘నమ్మశక్యం కాని తగ్గింపు కనపడితే జాగ్రత్త’ అని రాస్తుంది. ఏది నమ్మశక్యం, ఏది కాదు అన్న తేడాను చెరిపేసిందెవరు? పైగా తెలివైన నకిలీదారు మరీ చవగ్గా అమ్మడు. అసలు ధరకు వందో రెండొందలో తగ్గించి పెడతాడు. చవకకు ఆశపడని పెద్దమనిషి కూడా నిశ్చింతగా వాడి దగ్గరే కొంటాడు.

రివ్యూలూ రేటింగులూ చూసి కొంటే చాలంటారు. దీన్ని పరీక్షించినవాళ్ళున్నారు. అమెరికా కాంగ్రెసు తరఫున ప్రభుత్వ వ్యవహారాలను తనిఖీ చేసే గవర్నమెంట్ అకౌంటబిలిటీ ఆఫీసు ఒక ప్రయోగం చేసి 2018లో నివేదిక ఇచ్చింది. పేరున్న ఆన్‌లైన్ అంగళ్ళలో, రేటింగు 90 శాతానికి పైన ఉన్న అమ్మకందారుల దగ్గర 47 వస్తువులు కొన్నారు. నైకీ బూట్లు, యెటి కప్పులు, అర్బన్ డికే మేకప్ సామగ్రి, ఫోన్ చార్జర్లు. కొన్నది ప్రభుత్వ దర్యాప్తు అధికారులు, వాళ్ళకు తోడు ఆయా బ్రాండ్ల సొంతదారులే వస్తువును పరీక్షించి చెప్పారు. 47లో 20 నకిలీవి. బూట్లలో ఒక్కటీ నకిలీది లేదు, మేకప్ సామగ్రిలో ఒక్కటీ అసలుది లేదు. అన్నిటికీ రేటింగులు మాత్రం ఒకే తీరున మెరిసిపోతున్నాయి.

ఇది అమ్మకందారుల రేటింగుల సంగతి. రివ్యూల గురించి మన వ్యాసకర్తలు చెప్పని సంగతి ఒకటుంది. పెద్ద ఆన్‌లైన్ అంగళ్ళలో ఒక వస్తువుకు ఒకటే పేజీ. ఆ పేజీలో అమ్మకందారులు పదిమంది ఉండొచ్చు. కింద కనపడే వేల రివ్యూలు వస్తువువి, అమ్మినవాడివి కావు. అసలు సరుకు అమ్మిన వ్యాపారి సంపాదించిన ఐదు నక్షత్రాల కిందికి నిన్నగాక మొన్న వచ్చిన నకిలీదారు దూరి కూర్చుంటాడు. అతని ధర పదిరూపాయలు తక్కువైతే ‘కొనండి’ మీట నొక్కినప్పుడు ఆర్డరు అతనికే వెళ్ళొచ్చు. అమెరికాలో అమెజాన్ ఇంకో అడుగు ముందుకు వేసి చాలా ఏళ్ళపాటు ఒకే బార్‌కోడు ఉన్న సరుకును, అది పంపిన వ్యాపారులెవరైనా సరే, కలిపేసి దాచే పద్ధతి నడిపింది. మీరు వెతికి వెతికి నిజాయితీపరుణ్ణి పట్టుకుని అతని దగ్గరే కొన్నా, ఇంటికొచ్చేది ఇంకెవడో పంపిన ముక్క కావచ్చు. ఇక్కడ ఏ కళ్ళద్దాలు పెట్టుకుని చూడమంటారు?

దొంగ రివ్యూల సంగతి మన ప్రభుత్వానికీ తెలుసు. 2022 నవంబరులో భారత ప్రమాణాల సంస్థ, అంటే బీఐఎస్, ఆన్‌లైన్ రివ్యూలకు ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. పాటించడం కంపెనీల ఇష్టం అన్నారు. అంతటితో ఆ ముచ్చట ముగిసింది.

ఇక వస్తువు చేతికొచ్చాక పరిశీలించి చూసుకోవాలన్న సలహా. మెమొరీ కార్డునే తీసుకోండి. నకిలీ కార్డులో ఉండేది ఎనిమిది జీబీల చిప్పు. దాన్ని నడిపే కంట్రోలరుకు మాత్రం ‘నూట ఇరవై ఎనిమిది అని చెప్పు’ అని రాసిపెడతారు. ఫోన్లో పెడితే ఫోనూ అదే చూపిస్తుంది. కంప్యూటరూ అదే చూపిస్తుంది. మొదటి ఎనిమిది జీబీల వరకు నిక్షేపంలా పనిచేస్తుంది. ఆ తర్వాత తీసిన పెళ్ళి ఫొటోలు పాతవాటి మీద పడి రెండూ పాడవుతాయి, లేదా పేరుకు ఫైలు కనిపిస్తుంది, తెరిస్తే ఏమీ ఉండదు. ఇది బయటపడేసరికి వాపసు గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. కార్డును చివరిదాకా నింపి, తిరిగి చదివి పరీక్షించే సాఫ్ట్‌వేర్లున్నాయి, నిజమే. పెళ్ళికి వీడియో తీయించుకునే ప్రతి ఇంటివాళ్ళూ ముందు ఆ పరీక్ష నడపాలని ఎవరైనా గట్టిగా అంటే వాళ్ళకో నమస్కారం.

చార్జరుదీ ఇదే కథ, ప్రాణానికే ముప్పు గనక ఇంకాస్త ఘోరం. గోడలోంచి వచ్చే 230 వోల్టులకూ ఫోన్లోకి వెళ్ళే ఐదు వోల్టులకూ మధ్య లోపల ఒక ఎడం ఉండాలి, ఇన్సులేషను ఉండాలి. నకిలీ చార్జరు తయారుచేసేవాడు మిగుల్చుకునేది అక్కడే. పైనుంచి చూస్తే తెల్లటి ప్లాస్టిక్, అదే గుర్తు, అదే అచ్చు. వస్తు భద్రతను పరీక్షించే యూఎల్ సంస్థ 2016లో 400 నకిలీ ఆపిల్ అడాప్టర్లను పరీక్షిస్తే 99 శాతం పైగా విఫలమయ్యాయి. వాటిలో 12 మనిషిని చంపగలిగేంత దారుణంగా ఉన్నాయి. అదే ఏడాది ఆపిల్ కంపెనీ అమెరికా కోర్టులో వేసిన దావాలో, అమెజాన్‌లో తమ పేరుతో అమ్ముతున్న చార్జర్లు, కేబుళ్ళు తెప్పించి చూస్తే దాదాపు 90 శాతం నకిలీవని చెప్పింది. సొంత వస్తువును గుర్తుపట్టడానికి ఆపిల్ కూడా పరీక్షించి చూడాల్సివచ్చింది. మనకు మాత్రం అక్షరదోషాలు చూసుకుంటే చాలట.

మన దగ్గరి ఉదాహరణ ఇంకా బాధగా ఉంటుంది. పోచంపల్లి ఇకత్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చి ఇరవై ఏళ్ళయింది. దారాన్ని ముందే ఆసు పోసి, అంటే మేకుల చుట్టూ చుట్టి, చిటికీలు కట్టి, ఒక్కో రంగులో ముంచి, ఆరబెట్టి, విప్పి, మళ్ళీ కట్టి, ఆ తర్వాతే మగ్గం ఎక్కిస్తారు. ఆసు పోయడానికి ఒక్కో చీరకు చేతిని వేలసార్లు అటూ ఇటూ తిప్పాలి. తల్లి భుజాల నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేసింది అందుకే. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. రంగు దారానికే ఎక్కి ఉంటుంది గనక అసలైన ఇకత్‌లో బట్టకు రెండువైపులా డిజైను ఇంచుమించు ఒకేలా కనపడుతుంది. యంత్రం మీద నేసి పైన ప్రింటు కొట్టిన బట్టను వెనక్కి తిప్పితే రంగు వెలవెలబోతుంది. పోచంపల్లి దుకాణంలోనో కోఠీలోనో అయితే కొంగు తిరగేసి చూస్తే అర నిమిషంలో తేలిపోయే సంగతి.

ఫొటోలో కొంగు తిరగేయడం ఎలా? ఆ ఫొటో కూడా చాలాసార్లు అసలు చీరదే. ఏ నేతగాడో తన పేజీలో పెట్టుకున్న బొమ్మను ఎత్తుకొచ్చి అతికిస్తారు. వచ్చేది ఏడొందల పాలియెస్టర్ ప్రింటు. డాలస్‌లో ఉన్న కూతురు గుంటూరులో ఉన్న తల్లికి పండక్కి అలాంటి చీర పంపిందనుకోండి. ఆర్డరిచ్చిన మనిషి చీరను చూడదు. చూసిన మనిషి ఆర్డరివ్వలేదు, ఎంత పెట్టి కొన్నదో కూడా ఆమెకు తెలియదు. అమ్మాయి పంపింది గదా అని కట్టుకుంటుంది. ఇందులో అత్యాశ ఎవరిది, అజాగ్రత్త ఎవరిది?

సరే, కనీసం అమ్మినవాడు ఎవరో చూసుకోవచ్చు గదా అంటారు. 2020 జూలైలో వచ్చిన వినియోగదారుల పరిరక్షణ ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మకందారు పేరు, చిరునామా చూపించాలి. చూపిస్తున్నారు కూడా. ఫలానా ఎంటర్‌ప్రైజెస్, ఫలానా నగర్, ఢిల్లీ. దాన్ని చూసి నరసరావుపేటలో కూర్చున్న మనిషి ఏం తేల్చుకోవాలి? ఆ పేరు మీద ఇంతకుముందు ఎన్ని నకిలీలు పట్టుబడ్డాయో, అదే బ్యాంకు ఖాతాతో ఇంకెన్ని పేర్లు నడుస్తున్నాయో ఆన్‌లైన్ కంపెనీకి తెలుస్తుంది, మనకు తెలియదు. ఇక దావా వేయాలంటే మరీ చిత్రం. కాలిఫోర్నియాలో ఒక మహిళ అమెజాన్‌లో ల్యాప్‌టాప్ బ్యాటరీ కొన్నారు. అది పేలి ఒళ్ళు కాలింది. తెరమీద కనపడ్డ పేరు ఇ-లైఫ్. అసలు పేరు లెనోజ్ టెక్నాలజీ, ఉండేది హాంకాంగ్. కోర్టుకు రానే రాలేదు. 2020 ఆగస్టులో అక్కడి అప్పీలు కోర్టు చెప్పిన సంగతి మన పండితులు ఒకసారి చదవాలి. సరుకును గోదాములో పెట్టుకుని, డబ్బు తీసుకుని, తన పెట్టెలో పంపి, కొన్నవాడికీ అమ్మినవాడికీ మధ్య నిలబడ్డవాడు ‘నేను వట్టి మధ్యవర్తిని’ అంటే చెల్లదని తేల్చింది.

మన దేశంలో మాత్రం ఇప్పటికీ చెల్లుతోంది. దానికి కవచం సమాచార సాంకేతిక చట్టంలోని 79వ సెక్షను. దాని వెనక కథ న్యాయమైనదే, దాన్ని దాచకూడదు. 2004 డిసెంబరులో బాజీ డాట్ కామ్ అనే అమ్మకాల వెబ్‌సైట్లో ఎవడో ఒక అశ్లీల వీడియోను అమ్మకానికి పెడితే, ఆ కంపెనీ అధిపతి అవనీశ్ బజాజ్‌ను అరెస్టు చేశారు. వీడియోను తీసింది ఆయన కాదు, పెట్టింది ఆయన కాదు, సంగతి తెలిశాక కంపెనీ దాన్ని తీసేసింది కూడా. అది అన్యాయమని దేశం గోలపెట్టింది. 2008 సవరణలో మధ్యవర్తులకు గట్టి రక్షణ వచ్చింది. ఎవరో రాసిన రాతకు, పెట్టిన బొమ్మకు దాన్ని మోసే వెబ్‌సైటును జైల్లో పెట్టకూడదన్న సూత్రాన్ని నేనూ ఒప్పుకుంటాను. అది లేకపోతే రేపు ఏ ప్రభుత్వమైనా నచ్చని మాటలన్నీ తుడిపించేస్తుంది.

కానీ ఉత్తరం మోయడం వేరు, చార్జరు అమ్మడం వేరు. ఉత్తరంలో ఏముందో చదవొద్దని మనమే కంపెనీకి చెబుతాం. చార్జరును గోదాములోకి తీసుకునేటప్పుడు తూకం వేసి, కొలిచి, బార్‌కోడు అతికించి, ఏ అరలో పెట్టాలో నిర్ణయించేది వాళ్ళే. 2018 నవంబరులో క్రిస్టియన్ లూబుటాన్ కేసులో ఢిల్లీ హైకోర్టు న్యాయమూర్తి ప్రతిభా ఎం. సింగ్ సరిగ్గా ఈ ప్రశ్నే వేశారు. సరుకును దాచడం, పెట్టెలో సర్దడం, బిల్లు ఇవ్వడం, ప్రచారం చేయడం, సభ్యులకు తగ్గింపులివ్వడం, ఇవన్నీ చేస్తూ ఊరికే నిలబడి చూసే మధ్యవర్తినని ఎలా చెప్పుకుంటారన్నారు. 2020 జనవరిలో అమెజాన్, ఆమ్వే వ్యాజ్యంలో అదే హైకోర్టు ద్విసభ్య ధర్మాసనం, ఊరికే నిలబడి చూసే మధ్యవర్తికీ అన్నీ తానై చేసే మధ్యవర్తికీ తేడా చట్టంలో లేదంది. లేదు, నిజమే. లేకపోతే పెట్టాల్సింది ఎవరు?

కంపెనీ మీద బాధ్యత పెట్టే పనికి కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ ఒకసారి పూనుకుంది. 2021 ఫిబ్రవరి 1 నుంచి ప్రెషర్ కుక్కర్లకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. ఆ తర్వాత కూడా అమెజాన్‌లో ముద్ర లేని కుక్కర్లు 2,265 అమ్ముడుపోయాయి. వాటి మీద కంపెనీ తీసుకున్న రుసుము 6,14,825 రూపాయలు. ప్రతి అమ్మకం మీదా డబ్బు తీసుకుంటూ, తేడా వచ్చినప్పుడు నాకు సంబంధం లేదంటే కుదరదని 2022 ఆగస్టులో ఆ సంస్థ గట్టిగానే చెప్పింది. కొన్నవారందరికీ తెలియజేసి, కుక్కర్లు వెనక్కి తీసుకుని డబ్బివ్వమంది. బాగుంది. జరిమానా ఎంత? లక్ష. ఆరు లక్షలు తీసుకున్నవాడికి లక్ష జరిమానా. దాని మీదా కంపెనీ హైకోర్టుకు వెళ్ళింది. 2025 మార్చిలో బీఐఎస్ అధికారులు ఢిల్లీలోని అమెజాన్ గోదాములో సోదా చేసి, ముద్ర లేనివీ దొంగ ముద్ర ఉన్నవీ కలిపి 3,500కు పైగా గీజర్లు, మిక్సీలు వగైరా పట్టుకున్నారు. విలువ సుమారు 70 లక్షలు. ముద్ర లేని కుక్కరూ నకిలీ బ్రాండు చార్జరూ చట్టం దృష్టిలో ఒకటి కావు, తెలుసు. కానీ ఆ సరుకంతా దొరికింది ఎక్కడ? ఏ పాతబస్తీ సందులోనో కాదు, కంపెనీ తాళం వేసుకునే గోదాములో.

ఇప్పుడు ఒంగోలులోనో ఉట్నూరులోనో ఉన్న మందుల షాపు యజమానిని చూడండి. అతని దగ్గర నకిలీ మాత్రలు దొరికితే ‘నేను తయారుచేయలేదు, మధ్యవర్తిని’ అంటే సరిపోదు. 1940 నాటి ఔషధాల చట్టం 19వ సెక్షను ప్రకారం అతను బయటపడాలంటే లైసెన్సు ఉన్నవాడి దగ్గరే కొన్నానని, తగిన శ్రద్ధ పెట్టినా నకిలీదని కనిపెట్టలేకపోయానని, తెచ్చిన సరుకును సరిగ్గా దాచానని తానే రుజువు చేసుకోవాలి. ఒక చిన్న గది, ఇద్దరు కుర్రాళ్ళు ఉన్న మనిషి మీద చట్టం ఇంత భారం పెట్టింది. అది తప్పని ఎవరూ అనలేదు. నకిలీ విత్తనాల విషయంలో తెలంగాణ పీడీ యాక్టు దాకా వెళ్ళింది. విచారణ లేకుండా లోపల వేసే ఆ చట్టమంటే నాకు గౌరవం లేదు, అది వేరే సంగతి. కానీ పత్తి మొలకెత్తని రైతును పట్టుకుని ‘గింజ కొరికి చూసుకోవాల్సింది’ అని ఏ ప్రభుత్వమూ అనలేదు, అంటే జనం ఊరుకోరు. బస్తాలో గింజ కనపడదు, అట్టపెట్టెలో చిప్పు కనపడదు. మరి ఇక్కడ ఎందుకు ఊరుకుంటున్నాం?

రిటర్న్ ఉంది గదా, డబ్బు వాపసు ఇస్తున్నారు గదా అంటారు. నకిలీ సరుకు అమ్మడం ట్రేడ్‌మార్కుల చట్టం కింద ఆరునెలల నుంచి మూడేళ్ళ దాకా జైలుకు తగిన నేరం. ఆ నేరాన్ని రీఫండ్ అనే మీట ఒక చిల్లర వ్యవహారంగా మార్చేసింది. మీ డబ్బు మీకొచ్చింది, మీరు నోరు మూసుకున్నారు. వెనక్కి వెళ్ళిన డబ్బా ఏమైందో మీకు తెలియదు. అదే డబ్బా ఇంకో ఊరికి బయల్దేరిందేమో కూడా తెలియదు. పైగా డబ్బు వాపసు రావాలంటే పెట్టె విప్పేటప్పుడు వీడియో తీసుకోండని ఒక సలహా. నేనూ ఇస్తాను ఆ సలహా, ఇప్పటికి వేరే దారి లేదు గనక. వీడియో తీయండి, బిల్లు దాచండి, తేల్చకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. కానీ ఆ సలహాలో ఏముందో గమనించారా? ఒంగోలు మందుల షాపువాడు తాను దొంగ కాదని రుజువు చేసుకోవాలి, బాగానే ఉంది. ఇక్కడ అమ్మించినవాడు కాదు, డబ్బు పోసి కొన్నవాడు తాను దొంగ కాదని వీడియోతో రుజువు చేసుకోవాలి.

కంపెనీల తరఫు వాదనలు మూడు వినిపిస్తాయి. ఒకటి, కోట్ల వస్తువులు, లక్షల మంది అమ్మకందారులు, అన్నీ చూడటం అసాధ్యం. పక్క కంపెనీ పది రూపాయలు తగ్గిస్తే క్షణాల్లో పసిగట్టి తామూ తగ్గించడం వీళ్ళకు సాధ్యమే. మనం నిన్న ఏ చెప్పులు చూశామో గుర్తుపెట్టుకుని ఇవాళ వార్తలు చదువుతుంటే పక్కన చూపించడం సాధ్యమే. 2023లో ప్రపంచవ్యాప్తంగా 70 లక్షలకు పైగా నకిలీ వస్తువులను పట్టుకుని తీసేయించామని అమెజానే గొప్పగా ప్రకటించుకుంది. పట్టుకోవడం చేతనైన పనేనన్నమాట. నిజంగానే చూడలేనంత సరుకును పెట్టుకుంటే అది వాళ్ళు లాభం కోసం ఎంచుకున్న పద్ధతి. దాని మూల్యం కొన్నవాడి మెడకు చుట్టడం ఏ న్యాయం?

రెండోది విదేశీ పెట్టుబడుల నిబంధన. సరుకు మా సొంతం కాకూడదని ప్రభుత్వమే అంటోంది, సొంతం కాని సరుకుకు మేమెలా జవాబుదారీ అంటారు. వినడానికి ముద్దుగా ఉంది. ఆ నిబంధన పెట్టింది చిన్న దుకాణదారుల్ని కాపాడటానికి. అది ఉన్న రోజుల్లోనే అమెజాన్‌లో పెద్ద అమ్మకందారుగా చక్రం తిప్పిన క్లౌడ్‌టెయిల్‌లో అమెజాన్‌కే వాటా ఉండేది. 2022లో మూసేశారు లెండి. సొంతం కాకపోయినా లాభం తీసుకునే దారులు వెతుక్కున్నవాళ్ళకు, సొంతం కాకపోయినా బాధ్యత తీసుకునే దారి దొరకదా?

మూడో వాదన కాస్త ఆగి వినదగ్గది. బాధ్యత మీద పడితే కంపెనీలు భయపడి చిన్నవాళ్ళను గెంటేస్తాయి, పెద్ద బ్రాండ్లే మిగులుతాయి, మంగళగిరి నేతగాడో కొండపల్లి బొమ్మలవాడో రోడ్డున పడతాడు. ఈ భయం నాకూ ఉంది. బ్రాండ్ల యజమానులు నకిలీల పేరు చెప్పి, చవగ్గా అసలు సరుకే అమ్మే చిన్న వ్యాపారిని వెళ్ళగొట్టడం తెలియని సంగతి కాదు. కానీ ఈ పద్ధతిలో ఇప్పుడు నష్టపోతున్నదెవరు? వేలు పెట్టి నేసిన చీర పక్కనే ఏడొందలకు ‘పోచంపల్లి’ అని ఇంకోటి కనపడుతుంటే నేతగాడి చీర ఎవరు కొంటారు? నైకీ 2019లో అమెజాన్‌లో నేరుగా అమ్మడం మానేసి వెళ్ళిపోయింది. దానికి సొంత దుకాణాలున్నాయి, వెళ్ళగలదు. నేతగాడు ఎక్కడికి వెళ్తాడు? చేనేత గుర్తింపు కార్డు ఉన్నవాడు ‘పోచంపల్లి’ అని రాసుకోవడం సులువు చేసి, లేనివాడు రాస్తే ఆపడం ఎంత పని? భౌగోళిక గుర్తింపు వాడుకునే హక్కున్నవారి పట్టిక ప్రభుత్వం దగ్గర ఉండనే ఉంది.

నకిలీ సరుకంటే చైనా అని వెక్కిరించడం మనకు అలవాటు. ఆ చైనాలో కావాలని మోసం చేసి అమ్మితే కొన్నవాడికి కట్టిన ధర కాక దానికి మూడింతలు పరిహారం ఇవ్వాలి, అది ఎంత తక్కువైనా 500 యువాన్లకు తగ్గకూడదు. 2014 మార్చి 15 నుంచి చట్టం ఇదే. అంతకుముందు, కట్టిన ధరతో కలిపి మొత్తం రెండింతలే ఇవ్వాల్సిన రోజుల్లోనే, 1995లో, వాంగ్ హై అనే యువకుడు బీజింగ్ దుకాణంలో దొంగ సోనీ ఇయర్‌ఫోన్లు తెలిసి తెలిసీ కొని, పరిహారం కోసం నిలబడి దేశమంతా పేరు మోశాడు. అతని దారిన నకిలీలు వెతికి కొనడమే వృత్తిగా పెట్టుకున్నవాళ్ళు తయారయ్యారు. వాళ్ళలో బ్లాక్‌మెయిల్ చేసేవాళ్ళూ లేకపోలేదు. అయినా నకిలీ అమ్మితే వాపసు ఇచ్చి చేతులు దులుపుకోవడం కుదరదని అమ్మేవాడికి తెలిసింది. 2019 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన అక్కడి ఈ-కామర్స్ చట్టం, తెలిసి కూడా ఊరుకున్న ఆన్‌లైన్ కంపెనీ అమ్మకందారుతో సమానంగా బాధ్యత మొయ్యాలంది.

మనవాళ్ళూ ఆ ఛాయలకు వెళ్ళారు. 2021 జూన్‌లో వినియోగదారుల వ్యవహారాల శాఖ ఒక ముసాయిదా పెట్టింది. అమ్మకందారు నిర్లక్ష్యం వల్ల కొన్నవాడు నష్టపోతే ఆన్‌లైన్ కంపెనీయే భరించాలన్న ప్రతిపాదన అందులో ఉంది. అభిప్రాయాలకు గడువు పెట్టారు, జూలై 21 దాకా పొడిగించారు. ముసాయిదా ముసాయిదాగానే ఉండిపోయింది.

అంత పెద్ద మార్పు చేతకాకపోతే చిన్నది ఒకటుంది. 2020 నిబంధనల్లో అయిదో నిబంధన, నకిలీల వంటి కారణాలతో సరుకు తీసేయించుకున్న తర్వాత కూడా మళ్ళీ మళ్ళీ అదే సరుకు పెట్టే అమ్మకందారుల వివరాలు నమోదుచేసి ఉంచుకొమ్మని కంపెనీలకు చెబుతుంది. వెంటనే కింద ఒక మినహాయింపు: అలాంటివాణ్ణి వెళ్ళగొట్టాల్సిన పని మాత్రం లేదు, ఇష్టమైతే వెళ్ళగొట్టుకోవచ్చు. వాడు పాత నేరస్తుడని కంపెనీకి తెలుసు, తెలిసినట్టు రాసి పెట్టుకుంది, అయినా రేపు వాడి సరుకు మన ఇంటికి పంపవచ్చు. చట్టం అనుమతిస్తోంది. ఆ మినహాయింపును కొట్టేయడానికి పార్లమెంటులో బిల్లు అక్కర్లేదు. ఆ శాఖ గెజిట్‌లో ఒక నోటిఫికేషను వేస్తే సరిపోతుంది.